సమన్లు రావు, డిక్రీ వస్తుంది

సివిల్ కోర్టుల్లో కేసులు ఏళ్లూ పూళ్లూ నడుస్తాయన్న ఫిర్యాదు పాతదే. జడ్జీల కొరత, వాయిదాల మీద వాయిదాలు, విధుల బహిష్కరణలు అంటూ కారణాల జాబితా అందరికీ కంఠతా వచ్చు. అందులో అరుదుగా వినిపించే కారణం ఒకటుంది. దావా పడిందన్న కబురు ప్రతివాదికి చేరవేసే దగ్గరే ఎన్నో కేసులు చతికిలబడుతున్నాయి. ఏ జూనియర్ సివిల్ జడ్జి కోర్టు కాజ్‌లిస్టు చూసినా సమన్ల దశలోనే ఆగిన దావాలు వరసగా కనిపిస్తాయి. సమన్ల ఖర్చుకు బత్తా కట్టలేదు, చిరునామా దొరకలేదు, తలుపు తాళం వేసి ఉంది, పోస్టు కవరు తిరిగొచ్చింది. వాయిదా!

ఇది ఆలస్యంతో ముగిసే కథ అయితే ఇంత చర్చ అక్కర్లేదు. రెండో వైపు మరింత ఆందోళన కలిగిస్తుంది. సమన్లు చేతికి రాని మనిషి మీద డిక్రీ వచ్చేస్తుంది. పొలం జప్తుకు వచ్చాకో, బ్యాంకు ఖాతాలో సొమ్ము ఆగిపోయాకో ఆ మనిషికి కోర్టు సంగతి తెలుస్తుంది. కొందరికి ఎన్నేళ్లకూ సమన్లు అందవు. మరికొందరికి అందకుండానే అందినట్టు నమోదవుతాయి. ఈ రెండు జబ్బులకూ మూలం ఒక్కటే. సమన్లు అందజేసే పద్ధతులు పెంచుకుంటూ పోయాం గానీ, అందాయంటూ వచ్చిన నివేదికను పరీక్షించే అలవాటు పెంచుకోలేదు.

చట్టం వేసిన మెట్లు

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఐదో ఆర్డరు మొత్తం ఈ పనికే కేటాయించారు. దావా దాఖలైన 30 రోజుల్లోపే సమన్ల పని జరగాలన్నది 27వ సెక్షన్ ఉద్దేశం. సమన్ల మీద జడ్జి లేదా ఆయన నియమించిన అధికారి సంతకం, కోర్టు ముద్ర ఉండాలి. దావా ప్రతిని జతచేయాలి. అవి అందిన రోజు నుంచి 30 రోజుల్లో ప్రతివాది జవాబు దావా వేసుకోవాలి. కారణాలు నమోదు చేసి కోర్టు ఆ గడువును 90 రోజుల దాకా పొడిగించవచ్చు. మామూలు దావాల్లో ఆ 90 రోజుల హద్దు కూడా మరీ కఠినమైనది కాదని, అసాధారణ పరిస్థితుల్లో సడలించవచ్చని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. 2015 వాణిజ్య కోర్టుల చట్టం కిందికి వచ్చే కేసుల్లో ఆ వెసులుబాటు లేదు. 120 రోజులు దాటితే జవాబు దావా వేసే హక్కే పోతుందని 2019లో అదే కోర్టు తేల్చింది. ఈ లెక్కలన్నీ సమన్లు అందిన తేదీ నుంచే మొదలవుతాయి. ఆ ఒక్క తేదీ తప్పుగా నమోదైతే ప్రతివాది నోరు కట్టేసినట్టే.

అందజేసే తీరులోనూ చట్టం ఒక వరుస పెట్టింది. మొదట ప్రతివాది చేతికి, లేదంటే సమన్లు తీసుకునే అధికారమున్న ఏజెంటుకు ఇవ్వాలి. అతను ఇంట్లో లేక, తగిన వ్యవధిలో దొరికే అవకాశమూ కనిపించకపోతే, అతనితో కలిసి ఉంటున్న వయోజన కుటుంబ సభ్యుల్లో ఎవరికైనా ఇవ్వొచ్చు. పనివాళ్లు కుటుంబ సభ్యుల లెక్కలోకి రారని నిబంధనలోనే వివరణ ఉంది. ప్రతివాది తీసుకోనంటే, లేదా శ్రద్ధగా వెతికినా దొరక్కపోతే, ఇంటి బయటి తలుపుకు అంటించాలి. అతను తప్పించుకు తిరుగుతున్నాడనో, మామూలు దారిలో అందజేయడం సాధ్యం కాదనో కోర్టుకు నమ్మకం కలిగితే అప్పుడు ప్రత్యామ్నాయ సర్వీసు. అంటే కోర్టు ఆవరణలోనూ, చివరిసారి ఉన్న ఇంటి మీదా అంటించడం, పత్రికలో ప్రకటన ఇవ్వడం.

వీటికి తోడు స్పీడ్ పోస్టు, హైకోర్టు ఆమోదించిన కొరియర్, ఫ్యాక్స్, ఈ-మెయిల్ దారులు 2002 జూలై 1 నుంచి తెరుచుకున్నాయి. వాది స్వయంగా పట్టుకెళ్లి అందించే దస్తీ పద్ధతి ఉంది. కంపెనీకైతే డైరెక్టరుకో కార్యదర్శికో, ఖైదీకైతే జైలు అధికారి ద్వారా, సైనికుడికైతే కమాండింగ్ ఆఫీసరు ద్వారా పంపే ఏర్పాట్లున్నాయి. కాలంతో పాటు వచ్చిన మార్పులూ ఉన్నాయి. 1976 సవరణకు ముందు ఇంట్లోని మగవాళ్లకు ఇస్తేనే చెల్లేది. స్త్రీ అయినా పురుషుడైనా సరేనని ఆ సవరణ మార్చింది. క్రిమినల్ సమన్ల విషయంలో అదే మార్పు రావడానికి 2024 జూలై 1న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. ఇన్ని దారులున్న చట్టానికి ఇంకో దారి కలిపితే సమస్య తీరుతుందనుకోవడం భ్రమ.

తలుపు తాళం వేసి ఉన్నది

ఈ మెట్ల బరువంతా మోసేది కోర్టు ప్రాసెస్ సర్వర్. సమన్ల పంపిణీ చూసే నాజరు దగ్గర కట్ట తీసుకుని ఊళ్లు తిరిగి, తిరిగొచ్చి అసలు కాగితం వెనక ఆయన రాసే నాలుగు వాక్యాలే ఆ తర్వాత కథను నడిపిస్తాయి. 'ప్రతివాది ఇంటి వద్ద లేరు. తలుపు తాళం వేసి ఉన్నది. ఇరుగుపొరుగు వారిని విచారించగా ఎప్పుడు వచ్చునో తెలియదన్నారు. కావున నకలును తలుపునకు అంటించి వచ్చినాను.' కోర్టు కట్టలు తిరగేసిన వారెవరికీ ఈ ధోరణి కొత్త కాదు.

ఈ నాలుగు వాక్యాలను ఐదో ఆర్డరు 17వ నిబంధన పక్కన పెట్టి చదవాలి. తగినంత శ్రద్ధతో వెతికాకే అంటించాలని నిబంధన చెబుతుంది. ఎన్నిసార్లు వెళ్లారు? ఏ వేళకు వెళ్లారు? కూలికి పోయే మనిషి ఇంటికి పొద్దున 11 గంటలకు వెళితే తాళమే స్వాగతం చెబుతుంది. ఆ ఇల్లు ప్రతివాదిదేనని చూపించిందెవరు? ఎవరి ఎదుట అంటించారు? అలాంటి వ్యక్తి ఉంటే పేరు, చిరునామా నివేదికలో ఉండి తీరాలని నిబంధన అంటుంటే, పై వాక్యాల్లో 'ఇరుగుపొరుగు' తప్ప మరేమీ లేదు. రేపు ప్రతివాది వచ్చి నాకేమీ తెలియదంటే, పిలిచి అడగడానికి ఒక మనిషంటూ ఉండాలన్నది చట్టం ముందుచూపు. పేరు లేని పొరుగువారిని ఏ కోర్టూ పిలవలేదు.

చట్టం అక్కడితో ఆగలేదు. అంటించి వచ్చినట్టు ఇచ్చిన నివేదికకు అఫిడవిట్ లేకపోతే ప్రాసెస్ సర్వర్ చేత ప్రమాణం చేయించి కోర్టు విచారించాల్సిందేనని 19వ నిబంధన శాసిస్తోంది. అఫిడవిట్ ఉన్నా విచారించే అధికారం ఉంది. ఆ తర్వాత సమన్లు సక్రమంగా అందాయని ప్రకటించాలి, లేదా మళ్లీ పంపమనాలి. అంటే సర్వీసు పూర్తయిందో లేదో తేల్చే బాధ్యత జడ్జిది. ఆచరణలో ఆ నిర్ణయం కాగితం వెనక రాతకే వదిలేస్తున్నారు. 'అంటించడం ద్వారా సర్వీసైంది, పిలిచినా రాలేదు, ఎక్స్‌పార్టీ' అని డాకెట్ షీటు మీద ఒక పంక్తి పడుతుంది, ఇక ప్రతివాది లేకుండానే కేసు నడుస్తుంది. ప్రాసెస్ సర్వర్‌ను బోనెక్కించి ఎప్పుడెళ్లావు, ఎవరిని అడిగావు అని విచారించే సందర్భాలు అరుదు.

తప్పంతా ఆ చిరుద్యోగి నెత్తిన వేయడం న్యాయం కాదు. వాది ఇచ్చే చిరునామాలో తరచూ ఊరి పేరు, మండలం తప్ప ఇంటి నంబరు ఉండదు. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ఉంటారు. సాక్షి సంతకం చేయమంటే కోర్టు కాగితం మీద చేయి పెట్టడానికి ఎవరూ ముందుకు రారు, ప్రతివాదితో రేపు మొహామొహాలు చూసుకోవాలి కదా! చివరికి వాది తాలూకు మనిషే వెంట వచ్చి ఇల్లు చూపిస్తాడు, సాక్షీ తానే అవుతాడు. వాది మీద ఇలా ఆధారపడే ఏర్పాటులోనే ఇబ్బంది ఉంది. సర్వీసు త్వరగా అయిపోయినట్టు కనిపించాలన్న తొందర వాదిదే మరి.

పోస్టుమ్యాన్ రాసే ముక్క కూడా తక్కువదేమీ కాదు. కవరు మీద 'రెఫ్యూజ్డ్' అని పడితే సమన్లు అందినట్టే. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపి 30 రోజులైనా రసీదు తిరిగి రాకపోతే, లేదా ఆ రసీదు ఎక్కడో పోతే, అప్పుడూ అందినట్టు ప్రకటించే వీలు 9వ నిబంధన ఇస్తోంది. అయితే 'లెఫ్ట్' అన్న మాట దీనికి పూర్తిగా వేరు. ఆ మనిషి అక్కడ ఉండడం లేదని దానర్థం, అక్కడి తలుపుకు అంటించి ప్రయోజనం లేదు. ఇలాంటి తేడాలను ఒకే గాటన కట్టినప్పుడే పొరపాట్లు జరుగుతాయి. కొరియర్ వాళ్లు తప్పుడు నివేదికలు ఇచ్చే ప్రమాదాన్ని 2005లోనే సుప్రీంకోర్టు ప్రస్తావించి, తగిన నిబంధనలు చేసుకోవాలని హైకోర్టులకు సూచించింది. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. ఇప్పుడు ప్రతి కవరు ప్రయాణమూ ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. ఆ ట్రాకింగ్ కాగితాన్ని రికార్డుకు జతచేయమని అడగడానికి కోర్టులకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పుట్టింటి చిరునామా

ఒక ఉదాహరణ తీసుకుందాం. తండ్రి పోయాక పెద్ద కొడుకు భాగపరిష్కార దావా వేశాడు. తమ్ముడు, పెళ్లయి ఎప్పుడో వేరే జిల్లాకు వెళ్లిపోయిన చెల్లెలు ప్రతివాదులు. 2005 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణతో ఆడపిల్లకూ ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు ఉంది కాబట్టి ఆమెను చేర్చక తప్పదు. చేర్చాడు. చిరునామా మాత్రం పుట్టింటిది రాశాడు. ప్రాసెస్ సర్వర్ ఆ ఇంటికే వెళ్లాడు. తమ్ముడి భార్య సంతకం చేసి ఆడపడుచు సమన్లు కూడా తీసుకుంది. రికార్డు ప్రకారం వయోజన కుటుంబ సభ్యురాలికి అందాయి. చెల్లెలు రాలేదు, ఎక్స్‌పార్టీ. తండ్రి వీలునామా రాశాడన్నా, పెళ్లప్పుడే పసుపు కుంకుమల కింద ఆమె వాటా ఇచ్చేశామన్నా కాదనే గొంతు ఆ కోర్టు హాల్లో ఉండదు. ప్రిలిమినరీ డిక్రీ వచ్చేస్తుంది.

ఇక్కడ జరిగిన లోపం 15వ నిబంధనలోని ఒక్క షరతు దగ్గర ఉంది. సమన్లు తీసుకునే కుటుంబ సభ్యులు ప్రతివాదితో కలిసి నివసిస్తూ ఉండాలి. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లకు చుట్టరికం లెక్కన పుట్టిల్లు కుటుంబమే, ఈ నిబంధన లెక్కన కాదు. పైగా సమన్లు తీసుకున్న ఆవిడ భర్తకు అదే దావాలో వేరే ప్రయోజనం ఉంది. నివేదిక చదివేటప్పుడు 'వీళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారా?' అన్న ప్రశ్న ఒక్కటి అడిగి ఉంటే వ్యవహారం అక్కడే బయటపడేది. ఆస్తి హక్కుల మీద ఎన్ని సవరణలు తెచ్చినా, వాటి ఫలం ఆడపిల్లల చేతికి రావాలంటే ముందుగా సమన్లు వాళ్ల చేతికి రావాలి.

దుబాయ్‌లో మనిషి, ఊళ్లో తలుపు

జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లిన వారి కుటుంబాలకు ఈ బాధ మరో రూపంలో తగులుతుంది. ప్రామిసరీ నోటు దావా పడుతుంది. బాకీదారు దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఉన్నాడని ఊరందరికీ తెలుసు, అప్పిచ్చినవాడికీ తెలుసు. దావాలో మాత్రం ఊరి ఇంటి నంబరే ఉంటుంది. విదేశంలో ఉంటూ ఇక్కడ అధీకృత ఏజెంటు లేని ప్రతివాదికి అతను ఉంటున్న చోటికే పోస్టు, కొరియర్, ఫ్యాక్స్ లేదా ఈ-మెయిల్‌లో సమన్లు పంపాలని 25వ నిబంధన అంటోంది. దాన్ని పక్కనపెట్టి ఊళ్లో తలుపుకు అంటిస్తే, అతను సెలవుకు వచ్చేసరికి పొలం వేలం నోటీసు సిద్ధంగా ఉంటుంది.

ఇటునుంచి అటే కాదు, అటునుంచి ఇటు వచ్చే డిక్రీల సంగతీ ఉంది. 2020 జనవరిలో కేంద్రం యూఏఈని సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద గుర్తించింది. అక్కడి నిర్దేశిత కోర్టులిచ్చిన డిక్రీని ఇక్కడి జిల్లా కోర్టులో అమలుకు పెట్టొచ్చు. అక్కడి బ్యాంకు అప్పులు తీర్చకుండా తిరిగొచ్చిన వారికి ఇది చిన్న విషయం కాదు. అలాంటి డిక్రీని ఎదుర్కోవడానికి 13వ సెక్షన్ కొన్ని అభ్యంతరాలు అనుమతిస్తుంది. సహజ న్యాయానికి విరుద్ధంగా విచారణ జరగడం వాటిలో ఒకటి. అప్పుడు మొదట తేలాల్సింది అక్కడి కోర్టు నోటీసు ఈ మనిషికి ఎలా అందింది అన్నదే.

అమెరికా వైపు నుంచి వచ్చే కాగితాలకు వేరే దారి ఉంది. విదేశాల్లో కోర్టు పత్రాల అందజేతపై 1965లో కుదిరిన హేగ్ ఒప్పందంలో భారత్ 2006లో చేరింది. 2007 ఆగస్టు 1 నుంచి అది మనకు వర్తిస్తోంది. పోస్టులో నేరుగా పంపే పద్ధతికి భారత్ ఒప్పుకోలేదు, పత్రాలు కేంద్ర న్యాయ శాఖ ద్వారానే రావాలి. డల్లాస్ కోర్టు దావా కాగితాలు హైదరాబాద్‌లోని ఇంటికి మామూలు కవరులో వస్తే ఆ ఒప్పందం ప్రకారం సరైన సర్వీసు కాదు. అలాగని ఆ కవరును పక్కన పడేసి కూర్చోవడమూ తెలివైన పని కాదు. సర్వీసు చెల్లదన్న మాట ఆ కోర్టులోనే, తీర్పు రాకముందే చెప్పుకోవడం మేలు.

పేపరు ప్రకటన బలహీనత

సమన్లు రెండుసార్లు తిరిగొస్తే చాలు, పేపరు ప్రకటనకు పిటిషన్ వేయడం మన కోర్టుల్లో అలవాటైపోయింది. 20వ నిబంధన దాన్ని చివరి ఆయుధంగా ఇచ్చింది. మామూలు దారులు ఎందుకు విఫలమయ్యాయో చూసి, కోర్టు తనకు నమ్మకం కలిగాకే అనుమతించాలి. 2018లో ఒక స్థిరాస్తి ఒప్పందం కేసులో ఆ పరిశీలన లేకుండా జరిగిన ప్రత్యామ్నాయ సర్వీసును సుప్రీంకోర్టు ఆమోదించలేదు. ప్రకటన ఇచ్చే దినపత్రిక ప్రతివాది చివరిసారి నివసించిన, వ్యాపారం చేసిన ప్రాంతంలో చదివేదై ఉండాలని కూడా నిబంధనలో ఉంది. ఆ ఊరికి ఒక్క ప్రతి కూడా రాని చిన్న పత్రికలో తక్కువ ఖర్చుకు ప్రకటన వేయించి కటింగ్ దాఖలు చేస్తే ఆ షరతు కాగితం మీదే మిగులుతుంది.

వాదులు గమనించాల్సిన మాట ఇంకొకటుంది. ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు కోరడానికి కాలపరిమితి చట్టంలోని 123వ అధికరణం 30 రోజుల గడువు ఇస్తోంది. మామూలుగా అది డిక్రీ తేదీ నుంచి నడుస్తుంది. సమన్లు సక్రమంగా అందని కేసుల్లో మాత్రం డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి నడుస్తుంది. పేపరు ప్రకటన లాంటి ప్రత్యామ్నాయ సర్వీసును ఈ లెక్కకు సక్రమమైన సర్వీసుగా పరిగణించకూడదని ఆ అధికరణం కిందే వివరణ ఉంది. పేపరు ప్రకటన మీద వచ్చిన డిక్రీని ప్రతివాది ఎప్పుడు తెలుసుకుంటే అప్పుడు కదిలించవచ్చన్నమాట.

ఫోన్‌కు వచ్చిన కోర్టు

కొవిడ్ కాలంలో, 2020 జూలై 10న, సమన్లు, నోటీసులను ఈ-మెయిల్, వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ లాంటి యాప్‌ల ద్వారా పంపొచ్చని సుప్రీంకోర్టు అనుమతించింది. యాప్‌లో పంపినవాళ్లు అదే రోజు ఈ-మెయిల్‌లోనూ పంపాలని షరతు పెట్టింది. అంతకు ముందే 2018లో, వాట్సాప్‌లో పంపిన నోటీసు ఫైలును అవతలి వ్యక్తి తెరిచి చూశాడని రుజువైనందున అది అందినట్టేనని బొంబాయి హైకోర్టు ఒక కేసులో భావించింది. మరోవైపు 2025 జనవరిలో, పోలీసులు విచారణకు రమ్మనే నోటీసులను వాట్సాప్‌లో పంపితే చట్టం చెప్పిన పద్ధతిలో ఇచ్చినట్టు కాదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మనిషి స్వేచ్ఛ ముడిపడిన చోట అంత జాగ్రత్త తీసుకున్నప్పుడు, ఇల్లూ పొలమూ పోయే చోట కొంతైనా తీసుకోవాలి.

ఫోన్ సర్వీసుతో రెండు చిక్కులున్నాయి. నంబరు ప్రతివాదిదేనని ఎవరు ధ్రువీకరించారన్నది మొదటిది. ఫోన్ మారుతుంది, సిమ్ మారుతుంది, పల్లెల్లో ఒక ఫోన్‌ను ఇంటిల్లిపాదీ వాడతారు. నీలం టిక్కులు ఆపేసుకునే వీలు ఉంది. రెండోది ఇంకా పెద్దది. డిజిటల్ అరెస్టు పేరిట నకిలీ కోర్టు కాగితాలు పంపి జనాన్ని దోచుకుంటున్న ముఠాల పుణ్యమా అని, వాట్సాప్‌లో వచ్చే కోర్టు ముద్రను నమ్మొద్దని పోలీసులే ప్రచారం చేస్తున్నారు. ఆ సలహా విని అసలు సమన్లను కూడా మోసమనుకుని తీసేసిన మనిషిని తప్పుపట్టలేం. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలతో ఉండే సీఎన్‌ఆర్ నంబరు ఉంది. దాన్ని ఈ-కోర్టుల వెబ్‌సైట్‌లో కొడితే కేసు వివరాలు వస్తాయి. సమన్ల మీద ఆ నంబరును పెద్దక్షరాల్లో, ఎలా సరిచూసుకోవాలో తెలుగులో రెండు వాక్యాలతో ముద్రిస్తే సగం అనుమానం తీరుతుంది.

ప్రాసెస్ సర్వర్ల చేతికి ఫోన్ ఇచ్చి, వెళ్లిన చోటును జీపీఎస్‌తో, ఫొటోతో నమోదు చేయించే ఎన్‌స్టెప్ విధానాన్ని ఈ-కోర్టుల ప్రాజెక్టు కింద తెచ్చారు. నివేదికను సరిచూడటానికి పనికొచ్చే సాధనాల్లో ఇదే మెరుగైనది. అమెరికాలోని న్యూయార్క్ నగరం ఇదే అవసరాన్ని కష్టం మీద తెలుసుకుంది. అక్కడ ప్రైవేటు ప్రాసెస్ సర్వర్లు కాగితాలు అందజేయకుండానే అందజేసినట్టు ప్రమాణం చేసేవారు. ఇలాంటి తప్పుడు సర్వీసుల మీద వచ్చిన దాదాపు లక్ష అప్పు డిక్రీలను కొట్టేయాలని 2009లో ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ కోర్టుకెక్కారు. ఆ మరుసటి ఏడాదే జీపీఎస్ రికార్డును నగరం తప్పనిసరి చేసింది. అయితే ఫొటో తీస్తే చాలదు, దాన్ని ఎవరో ఒకరు చూడాలి. తాళం వేసిన తలుపు ఫొటో ఆ తలుపు ఎవరిదో చెప్పదు.

నష్టం వాదికే ఎక్కువ

సర్వీసును కచ్చితంగా పరీక్షించమంటే అది ప్రతివాది పక్షపాతంలా వినిపిస్తుంది. న్యాయంగా రావాల్సిన బాకీ కోసం తిరుగుతున్న వాది, అవతలివాడు వెనక గుమ్మం నుంచి జారుకుంటుంటే ఇంకెన్నాళ్లు ఆగాలని అడుగుతాడు. అడగడంలో న్యాయముంది. పైగా సమన్లు తిరిగొచ్చిన 7 రోజుల్లో మళ్లీ జారీకి దరఖాస్తు చేసుకోకపోతే దావా కొట్టేసే ప్రమాదం 9వ ఆర్డరులో అతని మీదే వేలాడుతోంది. తప్పించుకునే ప్రతివాదికి చట్టం కూడా జాలి చూపదు. విచారణ తేదీ అతనికి తెలుసని, వచ్చి జవాబు చెప్పుకునే వ్యవధి ఉందని రుజువైతే, సర్వీసులో చిన్న లోపం పట్టుకుని డిక్రీ రద్దు చేయకూడదని 9వ ఆర్డరు 13వ నిబంధన కింద షరతు ఉంది. రద్దు చేసినా ఖర్చులు కట్టమని, కొంత సొమ్ము డిపాజిట్ చేయమని కోర్టు అడగొచ్చు.

అసలు చిక్కు అక్కడి నుంచే మొదలవుతుంది. తొందరపాటు సర్వీసు మీద వచ్చిన డిక్రీతో వాది ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేస్తాడు. అప్పుడు ప్రతివాది లేచి వస్తాడు. డిక్రీ రద్దుకు ఒక పిటిషన్, ఆలస్యం మన్నించమని మరో పిటిషన్, అమలు ఆపమని ఇంకొకటి. ప్రాసెస్ సర్వర్ రాసిన నాలుగు వాక్యాల మీద ఇప్పుడు విచారణ మొదలవుతుంది. అప్పటికి ఆయన బదిలీ అయి ఉంటాడు, లేదా రిటైరై ఉంటాడు. కింది కోర్టు ఉత్తర్వు మీద అప్పీలు, దాని మీద రివిజన్. డిక్రీ పోతే దావా మళ్లీ మొదటి మెట్టుకే వస్తుంది. తెలిసి తెలిసి తప్పుడు చిరునామా ఇచ్చిన వాదికి మరో ప్రమాదం ఉంది. కోర్టును మోసగించి తెచ్చుకున్న డిక్రీ చెల్లదని, దాన్ని ఏ కోర్టులోనైనా ఏ దశలోనైనా ప్రశ్నించవచ్చని సుప్రీంకోర్టు మూడు దశాబ్దాల కిందటే చెప్పింది. మొదటి నెలలో పెట్టాల్సిన శ్రద్ధ పెట్టనందుకు వాది ఏళ్లు చెల్లించుకుంటాడు.

హైకోర్టుల చేతిలో పని

ఈ మార్పులకు పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ మొదటి షెడ్యూల్‌లోని నిబంధనలకు మార్పులు, చేర్పులు చేసే అధికారం 122వ సెక్షన్ హైకోర్టులకే ఇచ్చింది. 2019 జనవరి 1 నుంచి విడివిడిగా నడుస్తున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టులు రెండూ ఈ పని చేయగలవు.

ప్రతివాది చిరునామా తనకు ఎలా తెలిసిందో, అతను ప్రస్తుతం అక్కడే ఉంటున్నాడని ఎందుకు నమ్ముతున్నాడో వాది అఫిడవిట్‌లో చెప్పాలి. తెలిసిన ఫోన్ నంబరు, ఈ-మెయిల్ దాచకూడదు. దాచినట్టు తేలితే ఖర్చులు అతనే భరించాలి. భాగపరిష్కార దావాల్లో పెళ్లయిన ఆడపిల్లల ప్రస్తుత చిరునామా ఇవ్వడం విధిగా చేయాలి. ప్రాసెస్ సర్వర్ నివేదికకు ఒక నిర్ణీత ఫారం ఉండాలి. వెళ్లిన తేదీలు, వేళలు, ఇల్లు చూపిన వ్యక్తి పేరు, సమన్లు తీసుకున్న వ్యక్తికి ప్రతివాదితో బంధుత్వం, ఇద్దరూ కలిసి ఉంటున్నారా లేదా అన్న గళ్లు నింపనిదే నాజరు దాన్ని తీసుకోకూడదు. ఎన్‌స్టెప్‌లో నమోదైన ఫొటో, జీపీఎస్ వివరాలు ఇరుపక్షాలకూ అందుబాటులో ఉంచాలి.

అమెరికా ఫెడరల్ కోర్టుల నుంచి ఒక మంచి పద్ధతిని కూడా అరువు తెచ్చుకోవచ్చు. అక్కడ వాది ముందుగా దావా ప్రతిని మామూలుగా పంపి, లాంఛనంగా సమన్లు అందజేసే పని లేకుండా ఒప్పుకోమని అడగవచ్చు. ఒప్పుకున్న ప్రతివాదికి జవాబు వేయడానికి 21 రోజులకు బదులు 60 రోజులు దక్కుతాయి. సరైన కారణం లేకుండా కాదన్న ప్రతివాది సర్వీసు ఖర్చు మోయాలి. తప్పించుకుంటే లాభం అన్న లెక్కను ఇది తిరగేస్తుంది. మన దగ్గర కూడా సమన్లు ఇష్టపూర్వకంగా తీసుకున్నవారికి జవాబు దావా గడువు కొంత పెంచితే దాగుడుమూతలు తగ్గుతాయి.

వీటన్నిటికన్నా ముందు, ఖర్చు లేని పని ఒకటుంది. ఎక్స్‌పార్టీ ఉత్తర్వు రాసే ప్రతి జడ్జీ ఏ నిబంధన కింద, ఏ ఆధారం మీద సర్వీసు చాలునని భావించారో డాకెట్‌లో ఒక్క వాక్యం రాయాలి. నివేదికలో సాక్షి పేరు లేకపోతే, తీసుకున్నవాళ్లు కలిసి ఉంటున్నారో లేదో తెలియకపోతే, ఆ వాక్యం రాయడం కుదరదు. అప్పుడు ప్రాసెస్ సర్వర్‌ను పిలిచి అడుగుతారు, లేదా సమన్లు మళ్లీ పంపుతారు. దావా ఒక వాయిదా వెనకబడుతుంది. ఆ తర్వాత వచ్చే డిక్రీని మాత్రం ఎగ్జిక్యూషన్ దశలో ఎవరూ కదిలించలేరు.